పాలు, గుడ్డు పడని ఏడో నెల పాపకు ఏం పెట్టాలి?

ప్రశ్న: మా పాపకు ఏడో నెల నడుస్తోంది, బరువు 6.4 కిలోలు. నా పాలు చాలడం లేదని డబ్బా పాలు పట్టిన పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు, రెండు వాంతులు. పిల్లల డాక్టర్ పరీక్షలు చేయించి పాల ఎలర్జీ అన్నారు. తర్వాత ఉడికిన గుడ్డు కాస్త నాకిస్తే పెదవులు వాచాయి, అదీ ఎలర్జీయే అని తేలింది. అప్పటి నుంచి అన్నం, పెసరకట్టు తప్ప ఏం పెట్టాలన్నా టెన్షన్. అత్తయ్యగారు పద్నాలుగు దినుసులతో ఉగ్గు పొడి చేసి పంపారు. పెట్టొచ్చా? గోధుమ, పల్లీ, చేప, వంకాయ ఏవీ పెట్టొద్దని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?

సమాధానం:

ముందు ఉగ్గు సంగతి తేల్చేద్దాం. ఆ డబ్బా పాప కోసం ఇప్పుడే తెరవకండి. మీ అత్తగారు చేసినదాంట్లో లోపమేమీ లేదు, మా ఇంట్లో నేనూ అలాంటి ఉగ్గు తినే పెరిగాను. కానీ పద్నాలుగు దినుసులు ఒకేసారి నోట్లోకి వెళ్లి పాపకు దద్దుర్లు వస్తే, అది జీడిపప్పు వల్లో, గోధుమ వల్లో, బాదం వల్లో చెప్పడానికి దారి ఉండదు. ఆ భయంతో మీరు పద్నాలుగూ ఆపేస్తారు. 17 ఏళ్లుగా పిల్లల ఆహారం పనిలో ఉన్నాను. ఎలర్జీ వల్ల బరువు తగ్గిన పిల్లల కంటే, ఎలర్జీ భయంతో ఇంట్లోవాళ్లు గిన్నెను కుదించేయడం వల్ల తగ్గినవాళ్లనే ఎక్కువ చూశాను. మీ పాప బరువు ఆ వయసు ఆడపిల్లల్లో తక్కువ వైపే ఉంది, ప్రమాదంలో ఏమీ లేదు. కానీ అన్నం, పెసరకట్టు మీదే ఇంకో రెండు నెలలు గడిపితే ప్రమాదంలోకి వెళ్తుంది.

మన భాషలో ‘పడదు’ అనే ఒక్క మాటతో ఎన్నో చెప్పేస్తాం. అరటిపండు పడదంటే జలుబు చేస్తుందని. శనగపప్పు పడదంటే కడుపు ఉబ్బుతుందని. వంకాయ పడదంటే దురదని. పాలు పడవంటే విరేచనాలని. మీ చుట్టాలు ఇచ్చిన లిస్టులో ఈ ‘పడదు’లన్నీ కలిసిపోయాయి. మీ పాపకు ఉన్నది వేరే సంగతి. పాలలో, గుడ్డులో ఉండే ప్రోటీన్‌ను ఒళ్లు శత్రువు అనుకుని తిరగబడుతోంది. ఇలాంటిది సాధారణంగా తిన్న నిమిషాల్లో, మహా అయితే 2 గంటల్లోపు బయటపడుతుంది. దద్దుర్లు, పెదవులు, కళ్లు వాయడం, వాంతి, దగ్గు, పిల్లికూతలు దాని గుర్తులు. నిన్న అరటిపండు తిని ఈరోజు ముక్కు కారితే అది ఎలర్జీ కాదు. టమాటా రసం తగిలినచోట గడ్డం మీద మాత్రమే ఎర్రబడి అరగంటలో పోతే అది కూడా చాలాసార్లు పులుపు తగిలి మండడమే. ఇంకో రకం ఎలర్జీ కూడా ఉంది, అందులో దద్దుర్లు ఉండవు. తిన్న 1 నుంచి 4 గంటల మధ్య ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయి వాలిపోతుంది. ఇది అరుదు, కానీ బియ్యంతో కూడా రావచ్చు. ‘అన్నమే కదా’ అని కొట్టిపారేయకూడదని చెబుతున్నానంతే. మీ పాపకు అన్నం పడుతోంది కాబట్టి ఆ బెంగ లేదు.

అందుకని వంకాయను లిస్టులోంచి ఇప్పుడే కొట్టేయండి. గోధుమ, పల్లీ, చేప, నువ్వులు, జీడిపప్పు: వీటికి ఎలర్జీ రావచ్చు, నిజమే. కానీ రావచ్చు కాబట్టి మానేయడం పాత పద్ధతి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో అలాగే చెప్పింది, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, పల్లీ, చేప మూడేళ్ల దాకా పెట్టొద్దని. దానివల్ల ప్రయోజనం కనబడక 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. తర్వాత లండన్‌లో 640 మంది పసిపిల్లలతో ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2015లో ఫలితాలు వచ్చాయి. వాళ్లందరూ గుడ్డు ఎలర్జీ గానీ, ఎగ్జిమా అనే దురద పెట్టే చర్మ జబ్బు తీవ్రంగా గానీ ఉన్న పిల్లలే, అంటే మీ పాపలాంటివాళ్లే. 4 నుంచి 11 నెలల మధ్య పల్లీ తినడం మొదలుపెట్టినవాళ్లలో, ఐదేళ్లు వచ్చేసరికి పల్లీ ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా కనబడింది. కాబట్టి మీరు ఆలస్యం చేస్తే పాపను కాపాడినట్టు కాదు. అలాగని ఇంట్లో రేపే పల్లీ పెట్టమనీ కాదు. దాని గురించి కింద చెబుతాను.

పాల దగ్గర మన ఇళ్లలో జరిగే పొరపాట్లు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఆవు పాలు పడకపోతే గేదె పాలు పట్టమంటారు, అదీ కాకపోతే మేక పాలు. మూడింటిలోని ప్రోటీన్లు ఒకదానికొకటి చాలా దగ్గర, ఒకటి పడని బిడ్డకు మిగతావీ చాలావరకు పడవు. ఈమధ్య దేశవాళీ ఆవుల ఏ2 పాలని సీసాల్లో ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఏ1కి, ఏ2కి తేడా ఒక ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం. మీ పాప ఒళ్లు ఆ తేడాను గుర్తుపట్టదు. ల్యాక్టోజ్ లేని పాలపొడి కూడా పనికిరాదు, దాంట్లో తీసేసింది పాలలోని చక్కెరను, ప్రోటీన్ అలాగే ఉంటుంది. పెరుగు, మజ్జిగ, పనీర్, కోవా అన్నీ అదే కోవలోకి వస్తాయి. నెయ్యిలో ప్రోటీన్ చాలా తక్కువే మిగులుతుంది కానీ, తాగిన పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు వచ్చిన బిడ్డకు డాక్టర్ సరే అనేదాకా అదీ వద్దు.

మరి పాల బదులు? మీ పాలే. మీరు రాసినదాన్ని బట్టి మీ పాలు తాగితే పాపకు ఏమీ కావడం లేదు. అలాంటప్పుడు మీరు పాలు, పెరుగు మానేయాల్సిన పని లేదు. తల్లిపాలు తాగినా బిడ్డకు గుర్తులు కనబడితేనే ఆ ఆలోచన, అదీ డాక్టర్ చెబితేనే. డబ్బా పాలు తప్పనిసరైతే ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేకమైన ఫార్ములాలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. డాక్టర్ రాసిచ్చిందే కొనండి, మందుల షాపులో ‘ఇదీ అలాంటిదే’ అని ఇచ్చేది వద్దు. బాదం పాలు, కొబ్బరి పాలు, గంజి ఏవీ ఈ వయసులో పాల స్థానంలో పట్టడానికి సరిపోవు. వంటలో వాడుకోవచ్చు, అంతవరకే.

ఇక గిన్నెలోకి వద్దాం. మూడు సీసాలు పెట్టుకోండి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పెసరపప్పు, ఒకదాంట్లో మొలకెత్తిన రాగులు. మూడూ కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, విడివిడిగా మీ ఇంటి మిక్సీలోనే పొడి చేయండి. గిర్నీకి పంపకండి. మీకంటే ముందు వచ్చినవాళ్లు గోధుమలు పట్టించుకుని వెళ్లి ఉంటారు. సీసాలు వేరుగా ఉండటమే ఇక్కడ కిటుకు. కలపడం పొయ్యి మీద చేద్దాం. అప్పుడు ఏ రోజు ఏం పెట్టారో మీకు తెలుస్తుంది.

రాగులు ఒక రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, పల్చటి గుడ్డలో మూట కడితే ఒకటి రెండు రోజుల్లో తెల్లగా మొలక పొడుస్తుంది. ఈ శ్రమ ఊరికే కాదు. మొలకెత్తిన గింజ పిండి జావ కాస్తే గట్టిపడదు, పల్చగా జారుతుంది. అంటే అదే గిన్నె జావలో ఎక్కువ పిండి వేయొచ్చు. చిన్న పొట్ట, రెండు చెంచాలకే నిండిపోతుంది కదా, ఆ రెండు చెంచాల్లో ఎక్కువ బలం వెళ్లాలి. పాలు తాగలేని బిడ్డకు రాగి ఇంకో మేలు కూడా చేస్తుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మన ధాన్యాల్లో దానికి సాటి లేదు.

ఉదయం జావకు రాగి పొడి 2 చెంచాలు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఒక టీ గ్లాసు నీళ్లు పోసి, సన్నటి సెగ మీద 7, 8 నిమిషాలు కలుపుతూ ఉడికించండి. దింపాక బాగా మగ్గిన అరటిపండు సగం మెదిపి కలపండి. బెల్లం, చక్కెర, ఉప్పు ఏడాది దాకా అక్కర్లేదు. తేనె అసలే వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనెతో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, ఎలర్జీతో సంబంధం లేకుండా ఏ బిడ్డకైనా.

మధ్యాహ్నం ఉగ్గు. బియ్యం పొడి 2 చెంచాలు, పెసర పొడి 1 చెంచా, అదే పద్ధతి. నాలుగైదు రోజులయ్యాక పెసర బదులు కందిపప్పు మెత్తగా ఉడికించి, తియ్య గుమ్మడికాయ గానీ చిలగడదుంప గానీ వేసి మెదపండి. ఇంకో వారానికి తోటకూర. ఆకుకూర వేసిన రోజు దింపాక నిమ్మరసం రెండు చుక్కలు పిండితే పప్పులో, ఆకులో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. నెయ్యి లేదు కాబట్టి ప్రతి గిన్నెలో అర చెంచా కొబ్బరి నూనె గానీ ఇంట్లో వాడే రిఫైన్డ్ నూనె గానీ వేయండి. ఇది మరిచిపోకండి, పాల ఎలర్జీ పిల్లల గిన్నెలో మొదట తగ్గిపోయేది కొవ్వే. గానుగ వేరుశనగ నూనె, గానుగ నువ్వుల నూనె మాత్రం ఇప్పుడొద్దు. రిఫైన్డ్ చేసినప్పుడు పోయే ప్రోటీన్ గానుగ నూనెలో కొంత మిగిలే ఉంటుంది.

మీరు మాంసం తినే ఇల్లయితే కోడిమాంసం కోసం ఏడాది దాకా ఆగొద్దు. ఎముక లేని మెత్తటి ముక్క కుక్కర్‌లో బాగా ఉడికించి, అదే నీళ్లతో మిక్సీలో తిప్పి, అన్నంలో 2 చెంచాలు కలపండి. ఆరు నెలలు దాటాక తల్లిపాల్లోని ఐరన్ బిడ్డకు సరిపోదు. గుడ్డు లేదు, అందుకే మాంసం విలువ ఇంకా ఎక్కువ. వారానికి ఒకసారి చిన్న ముక్క కోడి లివర్ కూడా పెట్టొచ్చు, అంతకంటే ఎక్కువ వద్దు. శాకాహారులైతే పప్పు, ఆకుకూర, నిమ్మ కలిపి పెట్టడం రోజూ జరగాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్, వారానికి 2 సార్లు 1 మిల్లీలీటరు, తీసుకుని అటక మీద పెట్టకండి. విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు వేస్తున్నారో లేదో కూడా చూసుకోండి.

ఎనిమిదో నెల వచ్చేసరికి మిక్సీ తగ్గించి చేత్తో మెదపండి. ఇంట్లో చేసిన ఇడ్లీ ఇలాంటి పిల్లలకు వరం. బియ్యం, మినప్పప్పు తప్ప ఏమీ ఉండవు, వేళ్లతో పట్టుకుని తింటుంది. మినుము కొత్తది కాబట్టి మొదటిసారి కొంచెమే. హోటల్ ఇడ్లీ వద్దు, దాని మీద నెయ్యి చిలకరించారో లేదో మీరు చూడలేదు. రోజుకు 2, 3 సార్లు పెట్టండి, 2, 3 చెంచాలతో మొదలై ఎనిమిది నెలలు నిండేసరికి ఒక్కోసారికి అర కప్పు దాకా పెరగాలి. తొమ్మిదో నెల దాటాక 3, 4 సార్లు.

కొత్త పదార్థం పెట్టే పద్ధతి ఇది. పాపకు జ్వరం, జలుబు లేని రోజు, ఉదయం పూట, ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉన్నప్పుడు పెట్టండి. రాత్రి పడుకునేముందు కొత్తది వద్దు. పావు చెంచా నాకించి 15 నిమిషాలు ఆగండి. ఏమీ లేకపోతే ఇంకో చెంచా. 2 గంటలు కనిపెట్టుకుని ఉండండి. గోధుమ, చేప లాంటివాటికి మధ్య 3 రోజులు వదలండి, కూరగాయలకు అంత ఎడం అక్కర్లేదు. గోధుమకు ఉప్మా రవ్వ జావ చాలు. చేపకు కొరమీను, ముళ్లు చేత్తో వెతికి వెతికి తీసి. ఒకసారి పడిందని తేలాక దాన్ని వదిలేయకూడదు, వారానికి రెండు మూడుసార్లు గిన్నెలో పడుతూనే ఉండాలి. కొందరు చెంప మీద రాసి పరీక్ష చేస్తారు, దానివల్ల ఏమీ తెలియదు.

పల్లీ మాత్రం మీ ఎలర్జీ డాక్టర్‌ను ఈ నెలలోనే అడగండి. గుడ్డు ఎలర్జీ ఉన్న బిడ్డ కాబట్టి మొదటిసారి ఆసుపత్రిలో పెట్టమనొచ్చు. సరే అన్నాక కూడా పల్లీ గింజ కాదు, ఐదేళ్ల దాకా గింజ గొంతుకు అడ్డం పడుతుంది. వేయించి మెత్తగా నూరి జావలో కలిపిందే. గుడ్డును, పాలను మీరు ఇంట్లో మళ్లీ ప్రయత్నించవద్దు. చాలామంది పిల్లలకు బడికి వెళ్లే వయసులోపు ఈ రెండూ పడటం మొదలవుతుంది. ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో డాక్టరే చెబుతారు. అన్నట్టు, తొమ్మిదో నెలలో వేసే మీజిల్స్ రుబెల్లా టీకాను గుడ్డు ఎలర్జీ ఉందని ఆపకండి. నర్సుకు విషయం చెప్పండి, టీకా వేయించండి.

మొత్తం 40, 50 పదార్థాలకు ఒకేసారి రక్తపరీక్ష చేయిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. రక్తంలో పాజిటివ్ వచ్చినా హాయిగా తినే పిల్లలు చాలామంది ఉంటారు. ఆ కాగితం పట్టుకుని 20 పదార్థాలు మానిపించిన తల్లి నా దగ్గరికి వచ్చింది. బిడ్డకు పదకొండో నెల, తినేది అన్నం, ఆపిల్.

కొన్న పొట్లాల విషయం. మన దేశంలో ప్యాకెట్ మీద పాలు, గుడ్డు, గోధుమ, పల్లీ, జీడిపప్పు, బాదం లాంటి గింజలు, సోయా, చేప, రొయ్య, పీత లాంటివి ఉంటే వాటిని స్పష్టంగా ప్రకటించాలని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబుల్ నిబంధనలు చెబుతున్నాయి. వెనక చిన్న అక్షరాల్లో మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అని ఉంటే అన్నీ పాలే. పసిపిల్లల డబ్బా సీరియల్స్‌లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచి ఆహారం, కానీ దాంట్లో గోధుమ, శనగపప్పుతో పాటు పాలపొడి కూడా కలుస్తుంది, మీ పాపకు వద్దు. టీచరమ్మకు ఎలర్జీ సంగతి చెప్పి రాయించండి.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. ఏదైనా తిన్నాక ఒక్క దద్దుర్లే అయితే డాక్టర్ రాసిన ఎలర్జీ సిరప్ వేసి చూస్తూ ఉండండి. గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరికి ఎగపోయడం, నాలుక వాయడం, ఒళ్లు పాలిపోయి మెత్తబడిపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా సిరప్‌తో ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తండి. బిడ్డను భుజాన నిలువుగా వేసుకోకుండా చేతుల్లో పడుకోబెట్టి తీసుకెళ్లండి. అక్కడ మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజక్షన్, తొడ కండరానికి. వేసుకునేలా తయారుగా ఉండే పెన్నులు మన దగ్గర సులువుగా దొరకవు. ఇంట్లో ఏం ఉంచుకోవాలో, ఎలా వాడాలో వచ్చే విజిట్‌లో మీ డాక్టర్‌ను గట్టిగా అడిగి నేర్చుకోండి. మీరూ, మీవారూ, అత్తగారూ ముగ్గురూ.

అత్తగారిని కావాలనే చేర్చాను. మా అబ్బాయికీ పాల ఎలర్జీ ఉండేది. తొమ్మిదో నెలలో ఒక పెళ్లిలో, నేను చీర సర్దుకునే లోపు, ఒక పెద్దావిడ ముద్దుగా పాయసం వేలితో నాకించింది. పెళ్లి భోజనం చేయాల్సిన నేను ఆరోజు ఆసుపత్రి కారిడార్‌లో కూర్చున్నాను. ఆవిడ తప్పేమీ లేదు, ‘పాలు పడవు’ అంటే విరేచనాలవుతాయేమో అనుకుంది, ఒక్క చుక్కకు ఏమవుతుందిలే అనుకుంది. అప్పటి నుంచి నేను ‘పడవు’ అనడం మానేసి, ‘ఒక్క చుక్క తగిలినా ఊపిరి ఆగొచ్చు’ అని చెప్పేదాన్ని. మొరటుగా ఉంటుంది, పని చేస్తుంది. వంటింట్లో కూడా పెరుగన్నం కలిపిన గరిటె పాప పప్పులో పెట్టకూడదని ఇంట్లో అందరికీ తెలియాలి. ఒక స్టీలు గిన్నె, ఒక చెంచా, ఒక గరిటె రంగు దారం కట్టి విడిగా పెట్టుకోండి.

ఉగ్గు డబ్బా మీ అత్తగారి ముందే తెరిచి మీరు జావ కాచుకు తాగండి, బాలింతకు బలమే. పాపకు బియ్యం, పెసర, రాగి వేయించి ఇచ్చే పని ఆవిడకే అప్పగించండి, ఆ పనిలో చెయ్యి తిరిగింది ఆవిడకే.

ఒక్క సంగతి మీ ప్రశ్నలో లేదు. పాప చెంపల మీద, మోచేతి మడతల్లో పొడిబారి ఎర్రగా, దురదగా ఉండే ఎగ్జిమా ఉందా? ఉంటే పల్లీ గురించి డాక్టర్‌ను కలవడం ఈ నెల అన్నాను కదా, ఈ వారమే వెళ్లండి. రెండు వారాలయ్యాక బరువు ఎంతో, ఏమేం తినిందో కింద రాయండి.